బల్లల మీద బల్లులు

బల్లి కనబడితే చీపురు అందుకోవడం మన కోనసీమ ఇల్లాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని విద్య. తాటాకిల్లయినా, డాబా అయినా, దీపం పెట్టేవేళకి గోడమీద హాజరు! అది పలికితే "కృష్ణ కృష్ణ" అంటూ వేలితో నేలమీద కొట్టాలి. మీద పడిందా, పంచాంగం తిరగెయ్యాలి. అందులో మగవాళ్ళకో పట్టిక, ఆడవాళ్ళకో పట్టిక. అక్కడా తేడాయే చూశారూ! దోషం పోవాలంటే కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారుబల్లిని తాకి రావాలి. వెళ్ళలేనివాళ్ళు వెళ్ళొచ్చినవాళ్ళని తాకినా చాలునట.

అలాంటి బల్లిని డబ్బిచ్చి కొనుక్కుని ముద్దుచేసేవాళ్ళున్నారంటే నమ్ముతారా? ఉన్నారు, వాళ్ళకోసం సంతలూ ఉన్నాయి. జర్మనీలో హామ్ అనే ఊళ్ళో ఏడాదికి కొన్నిసార్లు జరిగే సంత చాలా పేరున్నది. మన అంబాజీపేటలో కొబ్బరికాయలు రాశులు పోసినట్టు, అలాంటి సంతల్లో బల్లల మీద బల్లులు. అచ్చుతప్పు కాదండీ! మూతకి చిల్లులు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక్కొక్కటి. డబ్బామీద చీటీ: ఆడో మగో, రంగు పేరు, ధర.

ఈ సంతలకి రాణి చిరుతమచ్చల బల్లి. ఆశ్చర్యమేమిటంటే అది మనవైపుదే. అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం దాని పుట్టిళ్ళు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లిత్ 1854లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. దాని చెల్లెలొకటి మన తూర్పు కనుమల్లోనే ఉంది. దానికి 1827లోనే హార్డ్‌విక్ అనే కంపెనీ సైన్యాధికారి పేరు పెట్టారు. మన గోడబల్లికి లేని కనురెప్పలు వీటికున్నాయి. గోడబల్లికున్నట్టు వేళ్ళకింద అంటుకునే మెత్తలు మాత్రం లేవు. కనక నున్నటి గోడ ఎక్కలేవు. పెట్టెలో పెడితే పడి ఉంటాయి. పెంపకానికి పనికొచ్చింది ఆ చేతకానితనమే!

మొదట్లో వీటిని పాకిస్తాన్ నుంచి పట్టి విదేశాలకి పంపేవారు. తర్వాత అక్కడివాళ్ళు ఇళ్ళల్లోనే గుడ్లు పొదిగించడం నేర్చుకున్నారు. ఒక్కో కాన్పుకి సాధారణంగా రెండు గుడ్లు. పుట్టేది ఆడో మగో తేల్చేది వేడి. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడపిల్లలే, 32, 33 దగ్గర ఎక్కువగా మగపిల్లలు. మగవి రెండింటిని ఒకచోట పెడితే కొట్టుకుచస్తాయి. నాలుగైదు ఆడవాటికి ఒక మగది చాలు. అందుకని గుడ్లపెట్టె వేడి తగ్గించి మరీ ఆడపిల్లల్ని కోరుకునే వ్యాపారులున్నారు. ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకునేవాళ్ళని ఆ పెట్టె ముందు కాసేపు కూర్చోబెట్టాలి.

మరి మన దగ్గర ఈ వ్యాపారం లేదా అంటే, వేరే రూపంలో ఉండేది. మా చిన్నప్పుడు అమలాపురం వీధుల్లోకి నాగస్వరం ఊదుకుంటూ పాములవాడు వచ్చేవాడు. బుట్టలో తాచు, జోలెలో వేళ్ళూ తైలాలూ. మా మామ్మ పాతచీరా, శేరు బియ్యం ఇచ్చేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. క్రమంగా ఆ నాగస్వరం ఆగిపోయింది. చట్టం మంచిదే. కోరలు పీకిన పాము బుట్టలో ఎన్నాళ్ళు బతుకుతుంది? కాని పామునే నమ్ముకున్నవాడి పిల్లల మాటేమిటి? మద్రాసు దగ్గర ఇరుళులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, మందుకోసం విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. అలాంటి దారి దొరికినవాళ్ళు కొద్దిమందే.

హామ్‌లో అమ్మేవాడు వ్యాపారి, మన వీధిలో ఆడించేవాడు నేరస్థుడు. ఇదేం న్యాయమని నాకూ అనిపించేది. ఆలోచిస్తే అడగవలసిన ప్రశ్న వేరే. ఆ జీవి పెట్టెలో పుట్టిందా, పుట్టలోంచి తెచ్చిందా? పుట్టలోంచి తెస్తే అమ్మేవాడు సూటువేసుకున్నా తప్పు తప్పే. 2010 ప్రాంతాల్లో టోకే అనే పెద్దబల్లి ఎయిడ్స్‌కి మందని ఓ పుకారు లేచింది. అస్సాం, మణిపూర్ అడవుల్లో వాటిని పట్టి దేశం దాటించారు. అది మందు కాదని ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ 2011లో మొత్తుకుంది. చివరికి 2019లో అంతర్జాతీయ ఒప్పందం దాని వ్యాపారానికి కళ్ళెం వేసింది. మన దేశంలోనూ ఆ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ ప్రాణుల్ని పెంచుకుంటే ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి.

ఇక మన గోడబల్లి సంగతి. దానికి విషం లేదు. పులుసులో పడితే పారబొయ్యాల్సిందే, కాని అది విషానికి భయపడి కాదు, దాని ఒంటిమీదా రెట్టలోనూ ఉండే సూక్ష్మక్రిముల వల్ల. కాలవగట్టు ఊళ్ళల్లో దోమల సంగతి మీకు చెప్పాలా? చిన్నచిన్న పురుగుల్నీ దోమల్నీ తినిపెట్టి, జీతమూ బత్తెమూ అడగని జీవి అది. హామ్‌లో దీని చుట్టానికి వెలకట్టి చీటీ అంటించారు. మనకి ఊరికే దొరికింది కనకే లోకువైపోయిందేమో!