మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టిన పిల్లవాడు

మా అక్క కొడుక్కి పదహారేళ్లు. ఆటిజం ఉందని మూడో ఏట తెలిసింది. అప్పట్లో ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: మాటలు ఎప్పుడొస్తాయి? మాటలు వచ్చాయి. ఇప్పుడు ప్రశ్న మారింది. "పద్దెనిమిది నిండాక వీడి సంగతేంట్రా? మా తర్వాత?" అంటుంది అక్క. జవాబు కోసం నేను తెగ వెతికాను. దొరికిందంతా చిన్నపిల్లల గురించే. ఈ పిల్లలు ఎప్పటికీ పెద్దవాళ్లు కారన్నట్టే ఉంటాయి ఆ రాతలన్నీ. అలా వెతుకుతూ 1971 నాటి ఒక వైద్యపత్రం దగ్గర ఆగిపోయాను. రాసింది లియో కానర్.

కానర్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల మానసిక వైద్యుడు. 1943లో పదకొండు మంది పిల్లల గురించి ఆయన రాసిన పత్రంతోనే ఆటిజం వైద్యలోకంలో ఒక ప్రత్యేకమైన స్థితిగా నిలబడింది. ఎనిమిది మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, వాళ్లంతా ఏమయ్యారో కనుక్కుని రాసిందే ఈ రెండో పత్రం. మొదటిది అందరికీ తెలుసు. నన్నడిగితే రెండోదే పెద్ద పుస్తకం పెట్టు.

అందులో మొదటి కేసు డోనాల్డ్. 1933లో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మూడేళ్లు దాటాక డాక్టర్ల సలహా మీద తల్లిదండ్రులు అతన్ని ఒక సంస్థలో చేర్చారు. ఏడాది గడిచాక మనసొప్పక ఇంటికి తెచ్చేసుకున్నారు. తండ్రి కానర్‌కి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. 1938లో పిల్లవాణ్ణి ఆయన దగ్గరికి తీసుకెళ్లారు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. 1942లో డోనాల్డ్‌ని ఊరికి పది మైళ్ల దూరంలో పొలం చేసుకునే ఒక జంట దగ్గర ఉంచారు. 1945లో కానర్ వెళ్లి చూసి ఆశ్చర్యపోయాడు. పిల్లవాడికి కొలతల పిచ్చి. వాళ్లు అతని చేత బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో చెప్పమన్నారు. చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ పోగేస్తుంటే ఒక మూల వాటికి శ్మశానం కేటాయించారు. ప్రతి సమాధికీ పేరు రాసి పెట్టేవాడట, ఇంటిపేరు మాత్రం ఆ రైతుది! మొక్కజొన్న సాళ్లు పదే పదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కానర్ చూస్తుండగానే గుర్రపు నాగలితో ఆరు పొడవాటి సాళ్లు దున్నాడు. దగ్గర్లోని పల్లె బడిలో అతని వింతల్ని వింతలుగా చూడటం మానేశారు.

ఆ రైతు దంపతులు ఏ సైకాలజీ చదివారు? లెక్కపెట్టడం మాన్పించే ప్రయత్నం వాళ్లు చేయలేదు, దానికి ఒక పని తగిలించారు, అంతే. డోనాల్డ్ 1958లో డిగ్రీ పూర్తిచేశాడు. సొంత ఊళ్లో బ్యాంకులో ఉద్యోగం చేశాడు. ఇరవయ్యేడో ఏట కారు నేర్చుకున్నాడు. గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడు. 2023లో ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు.

అదే పత్రంలో రెండో వైపు కూడా ఉంది. పదకొండు మందిలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లాంటి చోట్లకు చేరినవాళ్ల గురించి కానర్ రాసిన వాక్యాలు చదువుతుంటే చేతులు చల్లబడతాయి. చిన్నప్పుడు అబ్బురపరిచిన జ్ఞాపకశక్తి పోయింది, పట్టుదలగా చేసే పనులు పోయాయి. ఏదీ మిగల్లేదు. అక్కడ చేరడమంటే యావజ్జీవ శిక్షే అన్నది ఆయన తీర్పు.

మరుసటేడు, 1972లో, కానర్ తన సహచరులతో ఇంకో లెక్క తీశాడు. 1953కి ముందు తాము గుర్తించిన 96 మందిలో పదకొండు మంది సమాజంలో కలిసి, పనిచేసుకుంటూ బతుకుతున్నారు. వాళ్లలో ఎవరూ అలాంటి ఆసుపత్రుల్లో పెరగలేదు. ఇంకో మాట కూడా ఉంది. పదిహేను, పదహారేళ్లప్పుడు వాళ్లకి తాము మిగతావాళ్లలా లేమని తెలిసొచ్చింది. కష్టంగానే తెలిసొచ్చింది. అప్పటినుంచి తమంతట తామే నేర్చుకోవడం మొదలుపెట్టారు. తమకున్న పిచ్చి ఇష్టాన్నే, లెక్కలో సంగీతమో ఏదైతే అది, నలుగురిలోకి వెళ్లడానికి దారిగా వాడుకున్నారు. మనం బాల్యం మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంటే ఈ వయసు చేజారిపోతుంది.

అయితే ఈ కథని మరీ ముద్దుగా చదవకూడదు. డోనాల్డ్ తండ్రి లాయరు. అతను పనిచేసిన బ్యాంకు తల్లి తరఫువాళ్లది. ఊరంతటికీ పెద్ద కుటుంబం. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ బడులే వేరుగా ఉన్న ఆనాటి మిసిసిపీలో, ఇలాంటి నల్లజాతి పిల్లవాడికి ఏ బాల్టిమోర్ డాక్టరు, ఏ బ్యాంకు ఉద్యోగం దొరికేవి? 96లో మిగతా 85 మందిని కూడా గుర్తుపెట్టుకోవాలి. పైగా తల్లిదండ్రులు మనసులేని మనుషులన్న అపవాదుకి బీజం వేసినవాళ్లలో కానర్ కూడా ఒకడు. 1969లో తల్లిదండ్రుల సభలోనే ఆయన వాళ్లని నిర్దోషులని ప్రకటించాడు. మన దగ్గర "ఫోన్ చేతికిచ్చి పాడుచేశారు" అనే బంధువులకి ఆ సంగతి ఇంకా అందలేదు.

ఒక్క కుటుంబం చేయగలిగినదాన్ని అందరికీ హక్కుగా మార్చాలంటే చట్టం కావాలి. బడి తర్వాతి జీవితానికి పదహారో ఏటికల్లా ప్రణాళిక వేయాలని అమెరికా 1990లో చట్టంలో రాసుకుంది. మన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, పద్దెనిమిది దాటినవారికి అవసరమైతే కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. సంరక్షకుడు ఆ మనిషి ఇష్టాన్ని కూడా అడిగి, కలిసి నిర్ణయించాలని చెప్పింది. మాటలో చిన్న తేడానే. కానీ ఒకరి బదులు నిర్ణయించడం వేరు, ఒకరితో కలిసి నిర్ణయించడం వేరు.

మావాడు రోజూ పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దిగి కరెంటు మీటర్లన్నీ చదువుతాడు. ఇరుగుపొరుగు విసుక్కుంటే, సెల్లార్ తలుపుకి తాళం వేయించమని సలహా ఇచ్చింది నేనే. సాఫ్ట్‌వేర్ బుద్ధి, తేడాగా ఏం కనిపించినా బగ్ అనుకోవడం అలవాటు. ఈ పత్రం చదివాక అక్కకి ఫోన్ చేశాను. బావ వెళ్లి అసోసియేషన్ సెక్రటరీ గారితో మాట్లాడారు. ఫ్లాట్ల నీళ్ల మీటర్ల రీడింగులు నెలనెలా వీడు రాసిచ్చేలా ఒప్పుకున్నారు. మొదటి నెల ఒక ఫ్లాట్ ముందు కుక్క మొరిగిందని అక్కడితో ఆపేసి వచ్చేశాడు. రెండో నెల అన్నీ రాశాడు. ఇదేమీ ఉద్యోగం కాదు, జీతం లేదు.

సంరక్షకుడి దరఖాస్తు గురించి ఇంకా తేల్చుకోలేదు. పోయిన వారం ఆ సంగతి మాట్లాడుతుంటే వాడు పక్కనే ఉన్నాడు. వాణ్ణి అడగాలని మాకెవరికీ తోచలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఈ ఆదివారం వెళ్లి అడగాలి.