పడిగె చెప్పే వంశం, పహాణీ రాసిన పేరు

ఖమ్మం అడవి అంచున కోయల వంశచరిత్ర తరతరాలుగా డోలీల నోట నిలిచింది. డోలీలు కోయల్లోనే ఒక శాఖ; కథ చెప్పడం వాళ్ల వృత్తి. వాళ్ల చేతిలో పడిగె ఉంటుంది. మూడు మూలల గుడ్డ, దాని మీద వేల్పుల బొమ్మలు, పూర్వీకుల బొమ్మలు. కోయల వంశ విభాగాలను గట్టులంటారు; మూడో గట్టు మొదలు ఏడో గట్టు దాకా ఎవరి కథ వారిది. సోడె, కుంజా, పాయం, మడకం వంటి ఇంటిపేర్లు ఏదో ఒక గట్టు కిందికి చేరతాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరస కాబట్టి పిల్లనిచ్చి పుచ్చుకోరు. అంటే పడిగె చెప్పేది ఎవరు అన్నదమ్ములో, ఎవరితో వియ్యం కుదురుతుందో. ముత్తాత ఏ ఏడాది పుట్టాడని దాన్ని అడగడం పొరపాటు. మైదానంలో గోత్రాలు చెప్పిన పిచ్చుకుంట్లవారిదీ, మాదిగలకు జాంబపురాణం చెప్పిన డక్కలివారిదీ ఇదే పని.

కాగితం వచ్చింది వేరే అవసరంతో. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలో కోయల గురించి రాశాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్ సంపుటాలు వెలువడ్డాయి. వాళ్లకు కావలసింది ఆచారాలు, ఏ ఇంటి వంశమూ కాదు. ఇంటి పెద్ద పేరు దొరికితే రెవెన్యూ కాగితాల్లోనే దొరకాలి. అక్కడే చిక్కు. 1860లో నిజాం భద్రాచలం వైపు ప్రాంతాన్ని బ్రిటిష్‌వారికి ఇచ్చాడు. అది మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు కిందికి వెళ్లి, 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. గోదావరికి ఇవతల పాల్వంచ మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. గట్టు ఏరు దాటి విస్తరించింది. రికార్డు మాత్రం ఒడ్డు దాటలేదు. ఒకే గట్టు అన్నదమ్ముల్లో ఒకరి పాత కాగితం ఉర్దూలో ఉంటే, ఇంకొకరిది మద్రాసు దఫ్తరంలో ఉండొచ్చు.

నోటి మాట మారుతుంది, దేవతలూ మనుషులూ కలిసిపోతారు, అది సాక్ష్యమెలా అవుతుందని అడగొచ్చు. ఆ అభ్యంతరంలో నిజముంది: కోయల వేల్పు సమ్మక్క కథే చెప్పేవారిని బట్టి మారుతుంది. కానీ పెళ్లి వరస తప్పు చెబితే వినేవాళ్లు ఊరుకోరు. అందుకే గట్టు లెక్క కథకన్నా గట్టిగా నిలబడుతుంది. పైగా భూమి, సాగు వివరాలు రాసే పహాణీ కూడా వంశాన్ని రాయదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో కనిపించేది పట్టాదారు, సాగుదారు; ఆడపడుచులు అరుదు, ఏటా చోటు మార్చి పోడు కొట్టినవాళ్లు అంతకన్నా అరుదు.

2006 అటవీ హక్కుల చట్టం నోటి మాటనూ కాగితాన్నీ ఒక బల్ల మీద పెట్టింది. ఆదివాసీ అయితే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు, ఇతరులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. 2008 నిబంధనలు పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే ఒప్పుకుంటాయి. వంశవృక్షాన్నీ ఒప్పుకుంటాయి గానీ, అది పాత రికార్డులో ఉన్న మనిషి దాకా చేరాలి. డోలీ కథ గట్టు మూలపురుషుల దగ్గర మొదలవుతుంది, కాగితం తాత దగ్గర ఆగుతుంది. మధ్య తరాల పేర్లు చెప్పగలిగేది ఇంట్లోని ముసలివాళ్లే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన పాటలు రికార్డు చేసుకున్నవాళ్లు ఉన్నారు గానీ, మధ్య తరాల పేర్లు ఆ పాటల్లో దొరకవు. ఆ మధ్య తరాల పేర్లను ఇంటింటికీ వెళ్లి రాసుకునే పని గ్రామసభల అటవీ హక్కుల కమిటీలు చేయగలవు. క్లెయిము ఫారం నింపేటప్పుడు ఎలాగూ ఆ ముసలివాళ్లనే కూర్చోబెట్టి అడగాలి.