ఔషధ నిరోధక బాక్టీరియాల నిఘా

ఔషధ నిరోధక బాక్టీరియాల నిఘా అనగా యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియాలు ఆసుపత్రిలో ఎక్కడ ఉన్నాయో, ఒక రోగి నుండి మరొక రోగికి ఏ మార్గంలో సోకుతున్నాయో ప్రయోగశాల పరీక్షల ద్వారా కనుగొనే పద్ధతి. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాల పరిశోధన సంస్థలకు దీనికి ఆధారమైన డి.ఎన్.ఏ. పరిశోధనలతో సంబంధం ఉంది.

ఆవశ్యకత

ఒకే వార్డులోని ఇద్దరు రోగులలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా బాక్టీరియా కనిపించిందనుకుందాం. అది ఒకరి నుండి మరొకరికి సోకి ఉండవచ్చు, లేదా ఇద్దరికీ వేర్వేరుగా వచ్చి ఉండవచ్చు. మొదటిదైతే చేతుల శుభ్రత, పరికరాల శుద్ధి, రోగిని వేరుగా ఉంచడం ముఖ్యం. రెండవదైతే మందుల వాడకాన్ని, రోగి అంతకుముందు పొందిన చికిత్సను పరిశీలించాలి. కారణం తెలియకుండా చేసే నివారణ వల్ల విలువైన కాలం వృథా అవుతుంది.

పరీక్షా విధానం

రోగి రక్తం, మూత్రం లేదా కఫం నుండి బాక్టీరియాను పెంచి, దానిపై మందు అద్దిన చిన్న బిళ్ళలను ఉంచుతారు. బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం తగినంత వెడల్పుగా ఉంటే ఆ మందు పనిచేస్తుందని అర్థం. అయితే రెండు బాక్టీరియాలు ఒకే మందుకు లొంగనంత మాత్రాన అవి ఒకే మూలానికి చెందినవని చెప్పలేము. అందుకు డి.ఎన్.ఏ.ను పోల్చాలి. పూర్వం డి.ఎన్.ఏ.ను ఎంజైములతో ముక్కలు చేసి, జెల్‌లో విద్యుత్తు సహాయంతో వేరుపరచి, ఏర్పడిన చారలను పోల్చేవారు. ఇప్పుడు మొత్తం జన్యుక్రమాన్నే చదువుతున్నారు. తేడాలు చాలా తక్కువగా ఉంటే రెండింటికీ ఇటీవలి మూలం ఒకటే అయి ఉండే అవకాశం ఎక్కువ.

2011లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఆసుపత్రిలో 18 మంది రోగులకు ఇటువంటి క్లెబ్సియెల్లా సోకింది. వారిలో 11 మంది మరణించగా, 6 మరణాలకు ఈ బాక్టీరియాయే కారణమని నిర్ణయించారు. మొదటి రోగి ఆసుపత్రి విడిచిన మూడు వారాలకు రెండవ రోగిలో అది బయటపడింది. ఈ వ్యాప్తికి మూలం మొదటి రోగియేనని జన్యుక్రమాల పోలిక తేల్చింది.

ఉప్పల్, నాచారం పరిశోధనలు

ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ వద్ద ఉన్న సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ కృషికి కొనసాగింపుగా సి.డి.ఎఫ్.డి. అనే సంస్థ ఏర్పడింది. ఇది కొంతకాలం నాచారంలో పనిచేసి, తరువాత నాంపల్లికి, అక్కడి నుండి ఉప్పల్‌కు మారింది. నాచారంలో ఉన్నప్పుడు సయ్యద్ ఇ. హస్నైన్ బృందం భారతదేశపు రోగుల నుండి సేకరించిన 126 క్షయ బాక్టీరియా నమూనాలను పరిశీలించి, ఫలితాలను 2002లో ప్రచురించింది. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, ఓఫ్లాక్ససిన్, స్ట్రెప్టోమైసిన్ మందులకు సంబంధించిన జన్యువులలో అంతకుముందు తెలిసిన మార్పులతో పాటు కొత్త మార్పులు కూడా కనిపించాయి. ఇది ఒక ఆసుపత్రిలోని వ్యాప్తిని గుర్తించే పని కాదు. కానీ ఏ జన్యు మార్పు కోసం వెదకాలో తెలిస్తేనే నిరోధకతను త్వరగా పసిగట్టే పరీక్షలు సాధ్యమవుతాయి.

భారతదేశంలో నిఘా

భారత వైద్య పరిశోధన మండలి 2013లో ఔషధ నిరోధకతపై ఆసుపత్రుల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడింది.

పరిమితులు

నిరోధక జన్యువులు ప్లాస్మిడ్‌ల ద్వారా ఒక జాతి బాక్టీరియా నుండి మరొక జాతికి చేరగలవు. ఎన్.డి.ఎం.-1 జన్యువు ఇందుకు ఉదాహరణ. కాబట్టి బాక్టీరియా జాడతో పాటు జన్యువు జాడను కూడా తీయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

క్షయ
పెన్సిలిన్
డి.ఎన్.ఏ.