ఆన్‌లైన్ గేమ్ ఓపెన్ కావట్లేదా? సెక్యూరిటీ ఆఫ్ చేసే ముందు ఇవి చూసుకోండి

అమలాపురం: చెస్, క్యారమ్స్, లూడో లాంటి ఆటలు ఇప్పుడు యాప్ లేకుండా బ్రౌజర్‌లోనే ఆడేస్తున్నారు. ఒక్కోసారి లింక్ నొక్కితే తెల్ల పేజీ వస్తుంది, లేదంటే కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిక వస్తుంది. అప్పుడు చాలామంది బ్రౌజర్ సెక్యూరిటీ మొత్తం ఆఫ్ చేసేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే అదే బ్రౌజర్‌లో బ్యాంకు పాస్‌వర్డులు కూడా ఉంటాయి.

ముందు నెట్, ఆ తర్వాత తేదీ

వేరే సైట్లు వస్తున్నాయో లేదో ముందు చూడాలి. ఏదీ రాకపోతే తప్పు బ్రౌజర్‌ది కాదు. 2022 మే 24 అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు వెళ్లాల్సి వచ్చింది. అలాంటప్పుడు సెట్టింగ్స్ ఎన్ని మార్చినా లాభం లేదు.

నెట్ ఉన్నా ప్రతి సైట్‌కూ హెచ్చరిక వస్తుంటే కంప్యూటర్‌లో తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. సైట్ సర్టిఫికెట్‌కు గడువు తేదీలుంటాయి కాబట్టి బ్రౌజర్ దాన్ని నమ్మదు. తేదీ సరిచేసి బ్యాటరీ మార్పిస్తే చాలు.

ఒక్క సైట్‌కే అనుమతి

మిగతావన్నీ బాగుండి గేమ్ ఒక్కటే రాకపోతే, క్రోమ్ అడ్రస్ బార్‌లో ఎడమవైపు గుర్తు నొక్కి ‘సైట్ సెట్టింగ్స్’లోకి వెళ్లండి. జావాస్క్రిప్ట్ ఆపి ఉంటే ఆ సైట్‌కు మాత్రమే అనుమతివ్వండి. గేమ్ కొత్త విండోలో తెరుచుకునేదైతే పాప్-అప్ కూడా అంతే. యాడ్ బ్లాకర్‌ను కూడా ఆ ఒక్క సైట్‌కే ఆపి చూడొచ్చు. బొమ్మ రాకుండా నల్లగా ఉంటే ‘సిస్టమ్’ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సెలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. నోటిఫికేషన్లు, లొకేషన్, కాంటాక్టులు అడిగితే మాత్రం వద్దనండి. లూడో ఆడటానికి అవేమీ అక్కర్లేదు.

కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంటే క్రోమ్ 109 దగ్గరే ఆగిపోతుంది. కొత్త గేమ్‌లు రాకపోవడానికి అది కూడా ఒక కారణం. పాత ఫ్లాష్ గేమ్‌ల సంగతి వేరు. ఫ్లాష్‌ను అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసి, 2021 జనవరి 12 నుంచి అందులో నడిచేవాటిని బ్లాక్ చేసింది. ఇప్పుడు ‘ఫ్లాష్ అప్‌డేట్ చేయండి’ అని ఏ సైట్ అడిగినా అది మోసమే.

ఎర్ర తెర వస్తే వెనక్కే

ప్రమాదకరమైన సైట్ అంటూ తెర మొత్తం ఎర్రగా వస్తే ముందుకెళ్లొద్దు. సేఫ్ బ్రౌజింగ్, యాంటీవైరస్ ఆపేయమని, ఏపీకే ఫైల్ వేసుకోమని గేమ్ సైట్ చెప్పిందంటే ఆ ట్యాబ్ మూసేయడమే మంచిది.

చట్టం ఆపితే సెట్టింగ్స్ పనిచేయవు

‘మీ రాష్ట్రంలో అందుబాటులో లేదు’ అని వస్తే అది బ్రౌజర్ సమస్య కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. రమ్మీ, పోకర్ కూడా అందులోకే వస్తాయి. అదే ఏడాది అక్టోబర్‌లో 132 సైట్లు, యాప్‌లను బ్లాక్ చేయాలని అప్పటి ముఖ్యమంత్రి జగన్ కేంద్రాన్ని కోరారు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను దేశమంతా నిషేధించే కేంద్ర చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. వీపీఎన్ పెట్టి, లొకేషన్ మార్చి ఆడితే గెలిచిన డబ్బు చేతికి రాకపోయినా అడగడానికి దిక్కుండదు.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని దాచిపెడితే మిగిలేది నష్టమే.