మాల్టాలో మకాం వెతుక్కున్న యోధులు

1522 చివర రోడ్స్ దీవిని ఒట్టోమన్లకు వదులుకున్న సెయింట్ జాన్ యోధులకు నిలువ నీడ లేకపోయింది. ఐదవ చార్లెస్ చక్రవర్తి మాల్టా ఇస్తానన్నా వారు వెంటనే ఒప్పుకోలేదు. 1524లో ఎనిమిది మందిని పంపి దీవిని చూసి రమ్మన్నారు. వచ్చిన కబురు పెదవి విరిచేదే: సున్నపురాతి నేల, నీటి ఎద్దడి; కట్టెలకూ కరువే, పొయ్యిలోకి పిడకలు, ఎండిన ముళ్లకంపలే గతి. రేవులు మాత్రం భేషైనవి.

ఏడాదికొక డేగ కప్పంగా 1530లో దీవి వారి చేతికొచ్చింది. పాత రాజధాని ఎమ్‌దీనా తీరానికి దూరం. ఓడలే బలమైనవారికి అది పనికిరాదు. అందుకే రేవు ఒడ్డున బిర్గు అనే చిన్న ఊళ్లో దిగారు. ఎంపిక సబబే, లోపమల్లా ఎదుటి షిబెర్రాస్ గుట్ట ఎత్తుగా ఉండటం. 1565 ముట్టడిలో ఒట్టోమన్ ఫిరంగులు అక్కడినుంచీ గుళ్లు కురిపించాయి. మరుసటి ఏడాదే ఆ గుట్టమీద వాలెట్టాకు శంకుస్థాపన జరిగింది. 1571లో మకాం అక్కడికి మారింది.