చక్కెర ఎవరి చేతిలో ఉంది?

మొన్న ఒక శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్ వెళ్ళాను. దోహాకు దక్షిణాన గిడ్డంగులు, లారీలు, కార్మికుల వసతులు ఉన్న చోటు అది. అక్కడ జగిత్యాల వైపు మనిషి ఒకాయనకు మధుమేహం. "నసీబుల రాసిపెట్టుంది సార్, మనమేం జేస్తం" అన్నాడు. మనవాళ్ళ అలవాటు కొద్దీ "అంతా నీ చేతిలోనే ఉందయ్యా" అని ఉపదేశించి వచ్చాను. తిరిగి వస్తుంటే ఆ మాట నాకే ఎబ్బెట్టుగా తోచింది.

సుశ్రుతుడు పేద రోగిని చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఒక ఊళ్ళో ఒక రాత్రికి మించకుండా నూరు యోజనాలు నడవమన్నాడు. (మనవాడు ఎండలో బరువులు మోసే పనివాడు, ఆ చికిత్సలో సగం ఎప్పుడో మొదలుపెట్టాడు!) 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ లియోనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఎక్కించారు. మందు దొరికింది గాని కొలత రోగి చేతికి రాలేదు. ఇంట్లో మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావకంతో కాచి, నీలం ఇటుకరంగుకు తిరిగిందా అని చూసుకోవడమే. అది చెప్పేది గంటల కిందటి సంగతి.

1970 ప్రాంతంలో ఏమ్స్ కంపెనీ రక్తంలో చక్కెర కొలిచే మీటరు తెచ్చింది. దాన్ని డాక్టర్లకే అమ్మేవారు. పన్నెండో ఏట నుంచీ ఈ జబ్బున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఇంజనీరు, డాక్టరైన తన భార్య పేర దాన్ని తెప్పించుకున్నాడు. రోజుకు పలుమార్లు కొలుచుకుని తిండినీ ఇన్సులిన్‌నూ సరిచేసుకున్నాడు. రోగి రాసింది వైద్యపత్రికలు వేసుకోలేదు. ఆయన నలభై దాటాక వైద్యకళాశాలలో చేరి డాక్టరే అయ్యాడు! మన ఇంజనీర్లకు నచ్చే కథ.

ఇంతలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ 'చేతి' లెక్క తీశారు. 1966లో జూలియన్ రాటర్, ఫలితం తనవల్లనా, బయటి శక్తులవల్లనా అని మనిషి నమ్మే తీరును కొలిచాడు. 1978లో వాల్‌స్టన్ దంపతులు ఆరోగ్య విషయంలో దాన్ని మూడు పాయలు చేశారు: తాను, అదృష్టం, డాక్టరువంటి పెద్దలు. తనమీద నమ్మకం ఉన్నవాడి చక్కెర అదుపులో ఉంటుందనుకున్నారు. పరిశోధనలన్నీ అలా తేలలేదు. 1994లో పెరోట్, రూబిన్ కారణం కొంత పట్టుకున్నారు. 'నా చేతిలో ఉంది' అనే నమ్మకంలోనే రెండున్నాయట: ఒకటి స్వతంత్రంగా నడుపుకోవడం, రెండోది తప్పంతా నాదేనని కుమిలిపోవడం. మొదటిది మేలు చేస్తుంది, రెండోది చెయ్యదు.

నేను ఆయనకు ఇచ్చి వచ్చింది రెండోదేనేమో! మెస్సులో ఏం వండాలో, షిఫ్టు ఎప్పుడు మారాలో ఆయన చేతిలో లేదు. ఖతార్‌లో 2021 నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు పది నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని ఆపాలి. అదీ ఆయన పెట్టింది కాదు. మంచం కింద మీటరుంది గాని, స్ట్రిప్పులు అయిపోయి నెల దాటింది.

తరువాతి శుక్రవారం రెండు డబ్బాల స్ట్రిప్పులు పట్టుకెళ్ళాను. ఉపదేశం చెయ్యలేదు. ఆయనే వేలు గుచ్చుకుని అంకె చూసి, "రాత్రి అన్నం సగం జేసి పప్పు ఎక్కువేసుకుంటే రేపెంతొస్తదో చూస్త సార్" అన్నాడు.