విండోస్‌లో తెలుగు: మీటలు, మరమ్మతులు

2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చాయి. ఇప్పటి విండోస్‌లో సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే, విండోస్ మీటతో స్పేస్ నొక్కగానే భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘డి’ మీట పొల్లు. ‘కె, డి, కె’ వరసగా కొడితే ‘క్క’.

కోయిలకుంట్ల లాంటి ఊళ్లలో పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీవాళ్లకు అసలు తలనొప్పి అనూ ఖతులు. ఇవి యూనికోడ్ కావు. ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే పెళ్లికొడుకు పేరు కూడా పిచ్చిగీతలే. ఫైలు చెడిపోలేదు, మళ్లీ టైపు చేయనక్కర్లేదు. ఖతి ఎక్కించాలి, లేదా కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాలి. అచ్చుకు పంపేటప్పుడు ఖతిని ఇమిడ్చిన పీడీఎఫ్ మేలు.

ప్రోగ్రాం బిగుసుకుపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో దాన్ని ఆపవచ్చు. కంట్రోల్-ఎస్‌తో భద్రపరచని పని మాత్రం పోవచ్చు.